చంక దిగని పుంజు

ఆ రోజుల్లో మాకు బుద్ధి తక్కువ, ఇప్పుడు వచ్చింది అని చెప్పుకునే జ్ఞాపకాలు నేను చాలా చదివాను. రాసేవాళ్ళందరూ చివర్లో చెంపలు వేసుకుంటారు. నేను వేసుకోను. ఇరవయ్యేళ్ళ వయసులో ఒక పుంజుని చంకలో పెట్టుకుని తెనాలి వీధులన్నీ తిరిగాను, బాపట్ల రైలెక్కాను, పండగపూట చర్చి ముందు పెద్దవాళ్ళతో వాదానికి దిగాను. ఆ పుంజే ఇవాళ వచ్చి నా ముందు నిలబడితే మళ్ళీ అదే పని చేస్తాను. ఆ రోజులంటే మరీ తాతలకాలం అనుకునేరు, కాదు. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, అందరి ఫోన్లలోకీ సలహాలు వచ్చేశాయి. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకైతే ఫోను లేకపోయినా సలహాలు వస్తూనే ఉండేవి. అలా వచ్చిన సలహాల్లో నేను మనస్ఫూర్తిగా పాటించింది ఒక్కటే, అదీ ఈ పుంజు విషయంలో.

ఆ ఏడు వానల్లో నాకు డెంగీ వచ్చింది. ఆసుపత్రి లోపల నేను సెలైను ఎక్కించుకుంటూ పడుకుని ఉంటే, బయట వరండాలో బెంచీ మీద కూర్చుని మా నాన్నమ్మ దేవుడితో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. మా పెరట్లో పెట్ట అప్పుడే పొదిగి పిల్లల్ని చేసింది. మనవరాలు లేచి తిరిగితే ఆ పిల్లల్లో అన్నిటికన్నా ముందు కూత కూసిన పుంజుని కోతపండక్కి దేవుడికిస్తానని, అది కూడా మనవరాలి చేతుల మీదుగానే ఇప్పిస్తానని మొక్కుకుంది. కోతపండగంటే మా క్రైస్తవుల ఇళ్ళల్లో వరికోతలయ్యాక వచ్చే ఒక ఆదివారం. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, గుడ్లు, కోళ్ళు, ఎవరింట ఏది కలిగితే అది బలిపీఠం దగ్గరికి తీసుకెళ్ళి ఇస్తారు. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వాటిని వేలం పాడతారు. నాన్నమ్మ పుట్టిన ఊరు బాపట్ల దగ్గర కాబట్టి మా ఇంటి మొక్కులన్నీ ఆ ఊరి చర్చికే చెల్లు. బాగానే ఉంది. మొక్కింది నాన్నమ్మ, మోయాల్సింది నేను, పోవాల్సింది పుంజు. మా ఇద్దరినీ ఎవరూ ఒక మాట అడగలేదు.

నేను లేచి తిరిగాను. పిల్లలు పెరిగాయి. చలి మొదలైన ఒక పొద్దున ఎర్రటి పుంజుపిల్ల ఒకటి ప్రహరీ గోడెక్కి, గొంతుకేదో అడ్డం పడినట్టు సగం కూత కూసి, ఆ చప్పుడుకి తనే బెదిరి కిందికి దూకింది. నాన్నమ్మ చేతిలో చేట పక్కన పెట్టి "అదే" అంది. అంతే, దాని రాత రాసేసింది. దేవుడి సొమ్ముకి పేరు పెట్టకూడదని నాన్నమ్మ అన్నా వినకుండా నేను దానికి దొర అని పేరు పెట్టుకున్నాను. పేరుకి తగ్గట్టే ఉండేది. నేల మీద ఉన్నంతసేపూ అంత మర్యాద తెలిసిన ప్రాణి మా వీధిలో ఇంకోటి లేదు (మనుషుల్ని కలుపుకునే అంటున్నాను). నూకలు చల్లితే ముందు పెట్టల్ని పిలిచి, అవి తింటుంటే పక్కన నిలబడేది. గడప దాటి లోపలికి వచ్చేది కాదు. పసిపిల్లలు తోక లాగినా నాలుగడుగులు పక్కకి జరిగి ఊరుకునేది. దానికి గిట్టంది ఒక్కటే, ఎత్తుకోవడం. రెండు కాళ్ళూ నేల వదిలాయంటే చాలు, కరిచేది.

కోడి పొడుస్తుంది గానీ కరవడమేంటి అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, మొదటిసారి దాన్ని ఎత్తుకునేదాకా. పొడిచే కోడి ఒక దెబ్బ వేసి వదిలేస్తుంది. ఇది అలా కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి కండ ఉంటుంది చూడండి, అక్కడ ముక్కుతో పట్టుకుని, తాళం తిప్పినట్టు తిప్పి, అలాగే ఉంచేసేది. నేను కెవ్వుమని వదిలేశాను. అది కిందికి దిగి, రెక్కలు సర్దుకుని, ఏమీ జరగనట్టు చీమలు ఏరుకోవడం మొదలుపెట్టింది. తర్వాత నాన్న పాత తువ్వాలు చేతికి చుట్టుకుని ప్రయత్నించాడు. అది తువ్వాలు అయిపోయినచోట, మోచేతి దగ్గర కరిచింది. అమ్మ దాని జోలికే వెళ్ళలేదు. తను కుట్టుమిషను మీద బతికే మనిషినని, వేళ్ళు కావాలని చెప్పేసింది. పక్కింటి అత్తయ్యగారు గోడ మీదనుంచి చూసి, ముక్కు కొస కత్తిరించమని సలహా ఇచ్చారు. ఆవిడ మాటకి మాత్రం ఎవరి ముక్కు కత్తిరించాలో నేను మనసులో అనుకుని ఊరుకున్నాను.

ఇలా ఉండగా ఒక ఆదివారం రేపల్లె నుంచి మావయ్య వచ్చాడు. మావయ్యంటే అమ్మకి అన్న. బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళయినా, కోళ్ళూ పొట్టేళ్ళూ బేరం చెయ్యడానికి ఆయన్నే పిలుస్తారు. పుంజుని చూస్తే దాని బరువు చెప్పేస్తానంటాడు (పెళ్ళికూతుర్ని చూసి కూడా చెప్పేసి ఒకసారి చివాట్లు తిన్నాడు). మా అందరి చేతుల మీద గాట్లు చూసి పడీ పడీ నవ్వాడు.

"ఇందులో ఏముందే. కాళ్ళు రెండూ కలిపి కట్టి తలకిందులుగా పట్టుకుంటే అదే నోరు మూసుకుంటది. పండగ రోజు నేనొచ్చి పట్టుకెళ్తాలే. నువ్వు గుమ్మడికాయ పట్టుకో," అన్నాడు.

ఆ చర్చిలో అదొక వాడుక. రాసిపెట్టిందేం కాదు గానీ, ఆడవాళ్ళు బియ్యం, కాయలు, గుడ్లు ఇస్తారు. పుంజుల్ని మాత్రం మగవాళ్ళే కాళ్ళు పట్టుకుని వేలాడదీస్తూ తీసుకెళ్తారు. నేను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. చూస్తున్నప్పుడెప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు మావయ్య రెండువేళ్ళు కిందికి వేలాడదీసి చూపిస్తుంటే మాత్రం నాకు ఒళ్ళు మండింది. జ్వరంలో నన్ను కూడా అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని, నన్ను అడక్కుండానే స్ట్రెచర్ మీదికీ కిందికీ మార్చిన రోజులు ఇంకా మర్చిపోలేదు. అప్పుడు ఓపిక లేక ఊరుకున్నాను గానీ, ఉంటే నేనూ కరిచేదాన్నే.

"నన్ను కాళ్ళు పట్టుకుని అలా ఊరంతా తిప్పితే నేనూ కరుస్తాను మావయ్యా," అన్నాను.

మావయ్య నవ్వడం ఆపి, అయితే కట్టకుండా బలిపీఠం దాకా మొయ్యి చూద్దాం అన్నాడు. మోస్తానన్నాను. మోసినా లాభం లేదన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. వేలంలో ఎవరి చేతుల్లోనైనా ఒదిగే పుంజైతే పెంచుకోవడానికి ఎవరో ఒకరు పాడతారట. కరిచే పుంజుని ఇంటికి తీసుకెళ్ళి పిల్లల మధ్య ఎవరు వదులుతారు? అలాంటివన్నీ బాపట్లలో కర్రీ పాయింటు నడిపే ఒకాయన పాడుకుపోతాడట. ఆయన ఏటేటా ఇందుకే పండగకి వస్తాడని, సాయంత్రానికల్లా మసాలా కూడా నూరి పెట్టుకుంటాడని మావయ్య ముద్ద కలుపుకుంటూ చెప్పాడు. బలిపీఠం తర్వాత ఏమవుతుందో నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు. దేవుడికిచ్చాం అంటే అది దేవుడి పెరట్లో తిరుగుతుందన్నట్టే ఉండేది నాకు. కంచంలో ఉన్న కోడికూర అలాగే వదిలేసి లేచాను. నాన్నమ్మని, నువ్వైనా చెప్పు, కట్టకూడదని మొక్కులో ఉందా లేదా అని నిలదీశాను. నాన్నమ్మ చాలాసేపు ఆలోచించి, చేతుల మీదుగా అన్నానే గానీ కట్టి అనలేదు, కట్టకుండా అనీ అనలేదు అంది. దేవుడితో ఒప్పందాలు రాసుకోవడంలో మా నాన్నమ్మ అంత జాగ్రత్త.

ఆ మధ్యాహ్నమే ఫోను తీసుకుని వెతికాను. ఏ దేశమో తెలీదు, టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ చంకలో పెద్ద పుంజుని పెట్టుకుని తోటపని చేసుకుంటూ మాట్లాడుతోంది. నాకు అర్థమైనంతవరకు ఆవిడ చెప్పింది ఇదే: పుంజు కరిచినప్పుడు మనం దించేస్తాం. కరిస్తే దించుతారని అది నేర్చుకుంటుంది. కాబట్టి కరిచినా దించకూడదు. కోప్పడకూడదు, కొట్టకూడదు. అది కరవడం మానేసి నెమ్మదించేదాకా చంకలోనే ఉంచుకుని మన పని మనం చేసుకోవాలి. దించేది మనం దించాలనుకున్నప్పుడే, అది అడిగినప్పుడు కాదు. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

మర్నాటి నుంచి నేను నాన్న పాత రెయిన్‌కోటు వేసుకుని దొరని ఎత్తుకోవడం మొదలుపెట్టాను. ఎత్తగానే కరిచేది. నేను దించేదాన్ని కాదు. మళ్ళీ కరిచేది. పళ్ళు బిగించి అంట్లు తోమేదాన్ని, ఒంటిచేత్తో. పెరట్లో మాత్రమే తిప్పితే మనుషులంటే అలవాటు కాదని వీధిలోకి తీసుకెళ్ళాను. పాలకేంద్రానికి, అమ్మ జాకెట్లకి హుక్కులు కొనడానికి, చివరికి నా డిగ్రీ సర్టిఫికెట్ల కోసం కాలేజీకి కూడా చంకలో పుంజుతోనే వెళ్ళాను. ఎండాకాలంలా కాస్తున్న ఎండలో రెయిన్‌కోటు వేసుకుని, పుంజునెత్తుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వు మొహం పెట్టుకుని పోతున్న పిల్లని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? జ్వరం తలకెక్కిందనుకున్నారు. పక్కింటి అత్తయ్యగారు అమ్మని పిలిచి, గుంటూరులో మంచి డాక్టరున్నాడని మెల్లగా చెప్పారట. పుంజుకి ఒంట్లో బాగాలేదా అని అడిగినవాళ్ళకి, దానికి కాదండి, నాకే అని చెప్పేదాన్ని. (ఒక కంపెనీవాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేసింది కూడా ఆ రోజుల్లోనే. మీ బలాలేంటి అని అడిగారు. చెప్పబోతుంటే చంకలోంచి దొర నిండుగా కూత కూసింది. మీరు ఎక్కడినుంచి మాట్లాడుతున్నారని అడిగారు. తెనాలి టౌనండి అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. దొరని దించి మాట్లాడాల్సిందని అమ్మ అంది. అప్పుడు అది కరుస్తూ ఉంది, ఎలా దించుతాను?)

అలా తిరగ్గా తిరగ్గా నాకొక విషయం తెలిసింది. దానికి కోపం నా మీద కాదు. కాళ్ళు గాల్లో వేలాడటం దానికి భయం. ఒక చేత్తో చంకలోకి అదుముకుని, రెండో అరచేతిని దాని పాదాల కింద పెడితే, ఆ అరచేతినే నేలనుకుని నిలబడేది. గోళ్ళు చేతిలోకి దిగేవి గానీ ముక్కు మాత్రం తెరిచేది కాదు. మొదటిసారి అది అలా నా చేతిలో నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి, కళ్ళమీదికి ఆ తెల్లటి రెప్పని లాక్కుని కునుకు తీసిన రోజు నేను అంగట్లో ఉన్నాను. ఉల్లిపాయలు తూస్తున్న ఆయన, ఏంటమ్మా ఏడుస్తున్నావు, ఇంకా ఉల్లిపాయలు కొయ్యలేదుగా అన్నాడు. కరిచినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది మరి. ఇంటికొచ్చి అందర్నీ పిలిచి చూపించాను. నాన్న సంబరపడి చెయ్యి చాపాడు. కరిచింది. అదీ సంగతి. నా చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ ఒదగదు. పండగ దగ్గరికొచ్చేసింది, ఇంకో మనిషికి అలవాటు చేసే టైము లేదు. వేలంలో దాన్ని తీసుకునేది నేను కాదు కదా.

పండగనాడు పొద్దున్నే నేనూ నాన్నమ్మా దొరతో కలిసి తెనాలిలో రైలెక్కాం. పెట్టెలో అందరూ జరిగి మాకు మంచి చోటిచ్చారు, మర్యాదకో భయానికో తెలీదు. అది నా ఒళ్ళో నిలబడి కిటికీలోంచి కోసిన పొలాలు చూసుకుంటూ వచ్చింది. నాన్నమ్మ తన కొత్త చీర కొంగుని మాకు దూరంగా సర్దుకుని కూర్చుంది. బాపట్లలో దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేసరికి చర్చి ముందు మావయ్య నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చావని అడిగితే, గుమ్మడికాయ తెచ్చానే, నీకు అవసరమవుద్దని, అన్నాడు.

కానుకలిచ్చే సమయం వచ్చింది. పాట అందుకున్నారు, డోలక్ మోగింది, అందరూ వరసలో లేచారు. ముందు బియ్యం బస్తాలు, తర్వాత కాయలు, ఆ తర్వాత కాళ్ళు పట్టుకుని కోళ్ళు వేలాడదీసిన మగవాళ్ళు, వాళ్ళ మధ్యలో నేను. రెయిన్‌కోటు లేదు (పండగపూట అది వేసుకుంటే ఇంట్లో అడుగుపెట్టనివ్వనని అమ్మ ముందే చెప్పింది). పొట్టిచేతుల పంజాబీ డ్రెస్సు. సగం దూరం బాగానే వచ్చాం. అక్కడ డోలక్ వాయించే ఆయన పూనకం వచ్చినట్టు ఒక్కసారి జోరు పెంచాడు. దొర ఉలిక్కిపడింది, పాదాలు నా అరచేతిలోంచి జారాయి, అది నా మోచేతి లోపలి వైపు పట్టుకుని తిప్పి అలాగే ఉంచేసింది. దించకూడదు. అరవకూడదు. అందరితోపాటు పాట పాడుతూనే బలిపీఠం వైపు నడిచాను. కళ్ళవెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. ఎడమ పక్కన ఆడవాళ్ళ బెంచీల్లో ఒకావిడ పక్కావిడతో, చావు తప్పి బతికిన పిల్లంట, ఎంత భక్తో చూడు అనడం నాకు వినిపించింది. ఇంకో ఇద్దరు కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో కొన్నేళ్ళపాటు నా భక్తిని ఉదాహరణగా చెప్పారని విన్నాను. నేనెవరికీ కాదని చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

బలిపీఠం దగ్గర అయ్యగారు, అంటే మా పాదిరిగారు, తెల్లటి అంగీలో చేతులు చాపి నిలబడి ఉన్నారు. "అయ్యగారూ, ఇది ఎత్తుకుంటే కరుస్తుందండి," అని చెప్పాను. ఆయన చాలా దయగా నవ్వి, దేవుని బిడ్డల్ని ఏదీ కరవదమ్మా అని అందుకున్నారు. ఆయన ముందు మైకుంది. దేవునికి స్తోత్రం అని మొదలైన మాట మధ్యలో 'అబ్బా' అని మారి, బయట కట్టిన లౌడ్‌స్పీకర్లో ఊరంతా వినిపించింది. చంటిపిల్లలు తప్ప చర్చిలో ఎవరూ నవ్వలేదు. పెద్దలందరూ బయటికొచ్చాక నవ్వారు.

ఇక వేలం. అయ్యగారి చేతుల్లోంచి దొర మళ్ళీ నా చంకలోకే వచ్చింది, దాని వంతు వచ్చేదాకా నన్నే పట్టుకోమన్నారు. షామియానా కింద బల్ల వేసుకుని ఒక సంఘపెద్ద పాట పాడిస్తున్నాడు. గుమ్మడికాయలూ గుడ్లూ అయిపోయి కోళ్ళ వంతు వచ్చింది. మొదటి వరసలో కర్రీ పాయింటాయన కుర్చీ వేసుకుని, ఒళ్ళో పెద్ద సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. దొర వంతు రాగానే మావయ్య ముందుకొచ్చి, నా చేతుల్లోంచి దాన్ని కాళ్ళు పట్టి లాగి, తలకిందులుగా పైకెత్తి జనానికి చూపించాడు. చూడండయ్యా ఎంత బరువుందో అని ఆయన అంటుండగానే అది ఒళ్ళు వంచి పైకి లేచి, చొక్కా గుండీల మధ్య ఆయన పొట్ట పట్టుకుంది. మావయ్య వదిలేశాడు, అది వదల్లేదు. (ఆయన్ని నేనే విడిపించాను. తొందరపడి విడిపించానని మాత్రం చెప్పలేను.) జనం ఈలలు వేశారు. పెంచుకుందామని ముందుకొచ్చిన ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగిపోయారు. కర్రీ పాయింటాయన ఒక్కడే కదల్లేదు.

"కరిస్తే నాకేంటి. ముక్కలయ్యాక కరవదుగా," అన్నాడు.

అందరూ నవ్వారు. ఎవరూ పోటీ పాడలేదు. సంఘపెద్ద ఒకటోసారి అన్నాడు. దొర అప్పటికి మళ్ళీ నా చంకలో ఉంది, పాదాలు నా అరచేతిలో. దాని గుండె నా పక్కటెముకలకి కొట్టుకుంటోంది. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు, ఇవ్వను అన్నాను. సంఘపెద్ద నా వైపు తిరిగి, దేవుడికిచ్చింది మళ్ళీ వెనక్కి తీసుకోకూడదమ్మా అన్నాడు. వెనక్కి తీసుకోవట్లేదండి, దేవుడికే ఇచ్చాను, కూరలోకి ఇవ్వలేదు అన్నాను. పాటలో షరతులు ఉండవన్నాడు. ఇది నేల మీద ఎవర్నీ ఏమీ అనదని, కాళ్ళు వేలాడేస్తేనే కరుస్తుందని, పాదాల కింద చెయ్యి పెట్టి చూడమని అందరి వైపూ తిరిగి చెప్పాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. మావయ్య పొట్ట రుద్దుకుంటూ, దించవే, నలుగురిలో పరువు తియ్యకు అన్నాడు. నాన్నమ్మ తల వంచుకుని కూర్చుంది.

"దించను. దీన్ని పెంచుకునేవాళ్ళు వచ్చేదాకా ఇది నా చంక దిగదు. సాయంత్రమైనా సరే, ఇక్కడే నిలబడతాను," అన్నాను.

ఇరవయ్యేళ్ళ వయసులో నేను గెలిచిన వాదాలేమీ లేవు. ఇది కూడా ఓడిపోయేదాన్నే. సంఘపెద్ద మొహం ఎర్రబడింది, అయ్యగారు వేలికి గుడ్డ కట్టుకుని బయటికొచ్చారు, కర్రీ పాయింటాయన సంచీ దులిపి లేచాడు. అప్పుడు వెనకనుంచి ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుందని, నాన్నమ్మకి చెల్లెలి వరస అని తర్వాత తెలిసింది. బక్కపల్చటి మనిషి. పుట్టింటి ఊరి పండగకని వచ్చిందట. ఏదమ్మా ఇలా తే అని, నేను చెప్పినట్టే ఒక చెయ్యి పాదాల కింద పెట్టి దొరని చంకలోకి తీసుకుంది. దొర ఆవిడ బొటనవేలి దగ్గర పట్టుకుని తిప్పింది. ఆవిడ చెయ్యి కూడా కదపలేదు. జీడి చమురుకి వేళ్ళన్నీ నల్లగా, చెప్పు అడుగులా గట్టిపడిపోయి ఉన్నాయి.

"జీడిపిక్కల చేతులమ్మా ఇవి. కరిస్తే దీని ముక్కే అరిగిపోద్ది," అంది.

దొర ఇంకోసారి తిప్పి చూసింది. ఆవిడ దాని మెడ మీద వేలితో రాస్తూ సంఘపెద్దతో, పాడండి, మా దొడ్లో పెట్టలకి తోడు లేదు అంది. కర్రీ పాయింటాయన పెంచాడు. ఆవిడ పెంచింది. ఆయన మళ్ళీ పెంచి ఆవిడ వైపు చూశాడు. పుంజు ఇంకా కరుచుకునే ఉన్న చెయ్యిని ఆవిడ అలాగే ఆయన ముందుకి చాపి, ఏరా తమ్ముడూ, ఇంకా పాడతావా అంది. ఆయన సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. ముమ్మారు పలికేశారు. మావయ్య అందరికన్నా ముందు చప్పట్లు కొట్టి, మా మేనకోడలండి అని పక్కవాళ్ళకి చెప్పాడు.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే ఉంటుంది. గెలిచాను కూడా, అందులో అనుమానం లేదు. దొర ఆ తర్వాత వేటపాలెంలో చాలా ఏళ్ళు బతికిందని, వాళ్ళ వీధిలో సగం కోళ్ళు దాని రంగేనని, కొత్తల్లుడిని కూడా వదల్లేదని నాన్నమ్మ ద్వారా కబుర్లు తెలుస్తూనే ఉండేవి. ఇప్పుడు నాకూ ఒక ఉద్యోగం ఉంది, ఇల్లుంది, నా మాట వినని పిల్ల ఒకతి ఉంది. ఎప్పుడైనా మావయ్య వస్తే ఈ కథ తనే చెబుతాడు, అందులో నన్ను దగ్గరుండి ప్రోత్సహించింది ఆయనే. కానివ్వమంటాను. ఆయన్ని ఎప్పుడో క్షమించాను. సంఘపెద్దనీ, కర్రీ పాయింటాయన్నీ, గుంటూరు డాక్టరు పేరు చెప్పిన పక్కింటి అత్తయ్యగారినీ కూడా క్షమించాను. క్షమించలేనిది ఒక్క దొరనే.

ఎందుకంటారా? ముమ్మారు పలికాక నేను దాని దగ్గరికి వెళ్ళాను. నేను రోజుల తరబడి కరిపించుకుని, రెయిన్‌కోటులో ఉడికిపోయి, ఉద్యోగం పోగొట్టుకుని, ఊరంతా పిచ్చిదాన్ననిపించుకుంటే గానీ ఒదగని పుంజు, ఆవిడ చంకలో అప్పుడే కళ్ళమీదికి ఆ తెల్లటి రెప్ప లాక్కుని నిద్రపోతోంది. అదే కదా నేను కోరుకున్నది. ఇంకొకరి చేతుల్లో ఒదగాలనే కదా చర్చి ముందు అంతమందినీ ఎదిరించింది. అయినా తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా నాన్నమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. మొక్కు తీరిందిగా, ఇంకెందుకే అని నాన్నమ్మ అడుగుతూనే ఉంది. ఇన్నేళ్ళకి రైల్లో ఏడ్చిన ఆ ఇరవయ్యేళ్ళ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది, కానీ తప్పు దానిదని మాత్రం అనను. ఇవాళ్టికీ నా మాట అదే. ఆవిడని అది ఇంకొక్కసారి కరవాల్సింది, కనీసం నాకోసం.